కంప్యూటర్ క్లీనర్లు, యాంటీవైరస్‌లు: నమ్మేముందు మీరే పరీక్షించుకునే పద్ధతి

‘ఫలానా క్లీనర్ వేసుకోవచ్చా, ఫలానా యాంటీవైరస్ మంచిదేనా’ అని వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. పేరు చూసి అవుననో కాదనో చెప్పేయడం నాకూ తేలికే. కానీ నిరుడు బాగున్న ప్రోగ్రామ్ ఈ ఏడు వేరే కంపెనీ చేతికి పోవచ్చు. నిన్నటిదాకా ఉచితంగా పనిచేసింది ఇవాళ మీ బ్రౌజర్లోకి కొత్త సరుకు దింపొచ్చు. అందుకని పేర్ల జాబితా ఇవ్వకుండా, ఏ పనిముట్టునైనా మీరే తూచి చూసుకునే వరుస రాస్తున్నాను.

ఇది విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్లకీ, చిన్న షాపులకీ పనికొస్తుంది. ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ అయితే ఇవేవీ చేయకండి, మీ ఐటీ విభాగానికి చెప్పండి.

ఒక్క సంగతి ముందే అనుకుందాం. యాంటీవైరస్ గానీ క్లీనర్ గానీ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తుంది. ప్రతి ఫైలూ చూడగలదు, ఏదైనా చెరపగలదు, రాత్రికి రాత్రి ఇంటర్నెట్ నుంచి కొత్త రూపం తెచ్చుకోగలదు. ఒక గది ఊడవమని చెప్పి ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టు. అందుకే ఎంత బాగా ఊడుస్తుందనే దానికన్నా ముందు, తాళాలు ఎవరి చేతికిస్తున్నామో చూసుకోవాలి.

## 1. ముందు జబ్బేంటో తేల్చుకోండి

‘సిస్టమ్ స్లో’ అని చెప్పే పదిమందిలో పదిరకాల జబ్బులుంటాయి. క్లీనర్‌తో నయమయ్యేవి చాలా తక్కువ.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో మూడు చూడండి:

- మెమరీ ఎప్పుడూ 90 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11, క్రోమ్‌లో పదిహేను ట్యాబులు అంటే ఏ క్లీనరూ ఏమీ చేయలేదు.
- డిస్క్ 100 శాతం దగ్గర ఇరుక్కుపోయి, పక్కన హెచ్‌డీడీ అని ఉంటే, పాత తిరిగే డిస్కే కారణం కావచ్చు. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన డిస్క్) వేయించడమే మందు. క్లీనర్లకు ఏటా కట్టే చందాలు కూడబెడితే చిన్న ఎస్‌ఎస్‌డీ వచ్చేస్తుంది.
- ఏ పనీ చేయకపోయినా సీపీయూ పరిగెడుతూ ఉంటే, ప్రాసెసెస్ పేజీలో ఎవరు తింటున్నారో చూడండి. అక్కడ తెలియని పేరు కనిపిస్తే అప్పుడు వైరస్ సంగతి ఆలోచించాలి.

ఇక తెర కుడివైపు కింద ‘మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి’ అని పొద్దస్తమానం వచ్చే చీటీలు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ. చాలాసార్లు ఇది వైరస్సే కాదు. ఎప్పుడో సినిమా సైట్లోనో ఫలితాల సైట్లోనో ‘అలౌ’ నొక్కి ఉంటారు, ఆ సైటు పంపే నోటిఫికేషన్లివి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్లలో తెలియనివన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని. దీనికి డబ్బు కట్టి ‘వైరస్ రిమూవర్’ కొన్నవాళ్లు నాకు తెలుసు.

## 2. చెయ్యి పెట్టేముందు రెండు జాగ్రత్తలు

మొదటిది బ్యాకప్. ఫోటోలు, టాలీ డేటా, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, డీటీపీ ఫైళ్లు ఒక బయటి డ్రైవులోకి ఎక్కించి, ఆ డ్రైవును పీకేసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే అది బ్యాకప్ కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే, ఆ డ్రైవునూ కలిపి బిగించేస్తుంది.

రెండోది రిస్టోర్ పాయింట్. స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికి తెరవండి. సి డ్రైవుకు ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా కంప్యూటర్లలో ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసి, క్రియేట్ నొక్కి, ఇవాళ్టి తేదీ పేరుగా పెట్టండి.

ఇది సిస్టమ్ సెట్టింగులను వెనక్కి తెస్తుందే తప్ప పోయిన ఫోటోలను తేదు. కాబట్టి మొదటి జాగ్రత్త మానేసి రెండోదానితో సరిపెట్టుకోకండి.

## 3. ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టండి

విండోస్ 8 నుంచీ డిఫెండర్ యాంటీవైరస్ విండోస్‌తో కలిసే వస్తోంది. సాధారణ ఇంటి వాడకానికి అది చాలు. నా ఇంట్లో అదే ఉంది. అయితే సరిగ్గా అమర్చుకోవాలి. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఈ వరుసలో చూడండి:

- వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో రియల్‌టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉండాలి.
- యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, అక్కర్లేని యాప్‌లను ఆపే ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్ చేయండి. దొంగ క్లీనర్లలో చాలావాటిని ఇదే గుమ్మం దగ్గర ఆపుతుంది.
- ఎక్స్‌క్లూజన్స్, అంటే డిఫెండర్ చూడకుండా వదిలేసేవాటి జాబితా, ఖాళీగా ఉందో లేదో చూడండి.

మూడోది ఎవరూ చూడరు. కంప్యూటర్ కొన్నచోట ‘విండోస్ యాక్టివేట్ చేసిస్తాం సార్, ముందు డిఫెండర్ ఆపాలి’ అని, లైసెన్స్ కొనకుండానే విండోస్‌ను నడిపించే ఒక యాక్టివేటర్ నడుపుతారు. ఆపింది మళ్లీ ఆన్ చేసినా, ఆ యాక్టివేటర్ ఉన్న ఫోల్డర్‌ను, ఒక్కోసారి సి డ్రైవు మొత్తాన్ని, ఎక్స్‌క్లూజన్స్‌లో పెట్టి వెళ్తారు. అంటే కాపలావాడు ఉన్నాడు, కానీ ఈ తలుపు వైపు చూడొద్దని అతనికి చెప్పిపెట్టారన్నమాట. అక్కడ మీరు పెట్టనిది ఏదున్నా తీసేసి, ఫుల్ స్కాన్ పెట్టండి.

అనుమానం గట్టిగా ఉంటే స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దాదాపు పావుగంట పడుతుంది. ముందు తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి.

రెండో అభిప్రాయం కావాలంటే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితంగా దొరుకుతుంది. దించుకున్న 10 రోజులకు దాని గడువు తీరుతుంది కాబట్టి పెన్‌డ్రైవులో దాచిపెట్టుకోవడం దండగ, కావాల్సినప్పుడు కొత్తది దించుకోవాలి. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా బాట్‌లను, అంటే మీకు తెలియకుండా మీ కంప్యూటర్‌ను బయటివాళ్లు ఆడించే ప్రోగ్రామ్‌లను, తొలగించే ఉచిత పనిముట్లు ఇస్తోంది.

చెత్త తీయడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. ఇక్కడ ఒక గుంట ఉంది: ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా కనిపిస్తుంది. అన్నీ టిక్ చేసి రిమూవ్ కొడితే, హాల్ టికెట్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ చెత్తతోపాటే పోతాయి. ఆ ఒక్క టిక్ వదిలేయండి. రీసైకిల్ బిన్ కూడా ఒకసారి తెరిచి చూశాకే.

వేగం కోసం టాస్క్ మేనేజర్లో స్టార్టప్ పేజీకి వెళ్లి, కంప్యూటర్ లేవగానే లేవాల్సిన అవసరం లేనివి డిసేబుల్ చేయండి. మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ కంపెనీ సలహాదారులు. టచ్‌ప్యాడ్, సౌండ్, గ్రాఫిక్స్ పేర్లున్నవి ముట్టుకోవద్దు. ‘బూస్టర్లు’ చేసే పనిలో పనికొచ్చే భాగం దాదాపు ఇంతే.

ఇక్కడితో సమస్య తీరిపోతే మిగతా వ్యాసం చదవనక్కర్లేదు. నిజంగానే అంటున్నాను.

## 4. ఏ రకం పనిముట్టుకు ఎంత నమ్మకం

రిజిస్ట్రీ క్లీనర్: అసలే వద్దు. రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులు రాసుకునే చిట్టా. అందులో లక్షల నమోదులుంటాయి. వాటిలో కొన్ని వందలు పాతవి మిగిలిపోయినంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు. పొరపాటున కావాల్సింది ఒక్కటి పోతే మాత్రం ప్రోగ్రామ్ తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ ఇలాంటివాటికి తాము మద్దతివ్వమని చెప్పేసింది. ఒకసారి నేనే ‘842 లోపాలు’ అన్నదాన్ని నమ్మి ఫిక్స్ ఆల్ కొట్టాను. మర్నాడు డీటీపీ చేసే మా తమ్ముడి కంప్యూటర్లో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కనబడటం లేదంది. శుభలేఖల సీజన్. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ర్యామ్ బూస్టర్: వద్దు. విండోస్ ఖాళీ ర్యామ్‌ను ఊరికే ఉంచకుండా, మళ్లీ తెరవబోయేవాటిని అందులో పెట్టుకుంటుంది. బూస్టర్ దాన్ని బయటికి నెట్టేసి ‘1.2 జీబీ విడుదల చేశాను’ అంటుంది. తర్వాత అవే మళ్లీ డిస్క్ నుంచి చదవాలి. అంకె పెరిగినట్టు కనిపిస్తుంది, పని నెమ్మదిస్తుంది.

డ్రైవర్ అప్‌డేటర్: వద్దు. డ్రైవర్ అంటే ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు లాంటివాటిని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్. విండోస్ అప్‌డేట్‌లో వచ్చేవి చాలు. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం ఆ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. తప్పు డ్రైవర్ పడితే కంప్యూటర్ ఆగిపోయి నీలి తెరే.

డీఫ్రాగ్ (డిస్కులో ముక్కలుగా పడిన ఫైళ్లను ఒకచోట చేర్చే) పనిముట్లు: ఎస్‌ఎస్‌డీకి అనవసరం. విండోస్ తనే షెడ్యూలు ప్రకారం చూసుకుంటుంది.

జంక్ క్లీనర్: పని సాధారణమైనదే, విండోస్‌లోనే ఉన్నదే. వాడాలంటే 7వ మెట్టులో చెప్పిన పరీక్ష తర్వాతే.

బయటి యాంటీవైరస్: అవసరం ఉంటే ఒక్కటి, ఒక్కటే. పది కంప్యూటర్లున్న నెట్ సెంటర్, అందరి పెన్‌డ్రైవులూ వచ్చి పడే జిరాక్స్ షాపు, పిల్లల మీద నిఘా కావాలనుకునే ఇల్లు, ఇలాంటిచోట డబ్బు పెట్టడంలో అర్థముంది. ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్, ఎస్‌ఈ ల్యాబ్స్ అనే మూడు పరీక్షా సంస్థల ఫలితాలు ఉచితంగా చూడొచ్చు. ఏవీ-టెస్ట్ రక్షణకు, వేగానికి, వాడుక సౌలభ్యానికి తలా 6 చొప్పున 18 మార్కులు వేస్తుంది. ఒక్క నెల చూసి మురిసిపోకుండా ఏడాది వరుస చూడండి.

కానీ ఆ మార్కులు వైరస్‌ను ఎంత బాగా పట్టుకుంటుందో చెబుతాయి. పట్టుకునేవాడి నడవడి చెప్పవు. దానికి తర్వాతి మెట్టు.

## 5. వాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది, జనం దాటేసేదీ ఇదే.

అవాస్ట్ సంగతి తీసుకోండి. కోట్ల మంది వాడిన ఉచిత యాంటీవైరస్, పరీక్షల్లో మంచి మార్కులే. జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా, వాడేవాళ్లు ఏయే సైట్లు చూశారన్న సమాచారాన్ని అమ్ముతోందని 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టాయి. ఆ నెలాఖరులోనే జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది, ప్రకటనల కోసం ఆ సమాచారం అమ్మకూడదని నిషేధించింది. ఇంటర్నెట్‌లో మీ వెంటపడేవాళ్లను ఆపుతామని చెప్పుకున్న సరుకు అది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇంకో తరహా ఉంది. ఇక్కడ సమాచారం కాదు, మీ భయమే సరుకు. ఆఫీస్ డిపో అనే అమెరికా దుకాణాల సంస్థ కస్టమర్ల కంప్యూటర్లకు ‘పీసీ హెల్త్ చెక్’ చేసేది. మొదట నాలుగు ప్రశ్నలడిగి టిక్కులు పెట్టేవారు: నెమ్మదిగా ఉందా, పాపప్‌లు వస్తున్నాయా, ఇలా. ఏ ఒక్క టిక్ పెట్టినా, స్కాన్‌లో ఏం దొరికినా దొరక్కపోయినా, మాల్‌వేర్ లక్షణాలున్నాయని ఫలితం వచ్చేదన్నది అదే కమిషన్ ఆరోపణ. 2019లో ఆఫీస్ డిపో, ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి బయటపడ్డాయి. రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ కంపెనీల మీద 2024లో వచ్చిన కేసు కూడా ఈ దారిదే. విండోస్ హెచ్చరికల్లా కనిపించే పాపప్‌లతో భయపెట్టి అమ్మారన్న ఆ కేసు 2.6 కోట్ల డాలర్లతో ముగిసింది.

కాబట్టి ఇన్‌స్టాల్ చేయకముందే ఒక కాగితం మీద ఈ నాలుగిటికీ జవాబులు రాసుకోండి:

- ఉచితమైతే డబ్బు ఎలా? పెయిడ్ వెర్షన్ అమ్మకమా, ప్రకటనలా, నా సమాచారమా?
- ప్రైవసీ పేజీలో బ్రౌజింగ్ చరిత్ర, భాగస్వాములు, థర్డ్ పార్టీలు అనే మాటలు ఏ సందర్భంలో వస్తున్నాయి?
- కంపెనీ పేరు, చిరునామా, ఏ దేశం అన్నవి సైట్లో ఉన్నాయా?
- ఆ కంపెనీని ఈమధ్య ఎవరైనా కొన్నారా?

రెండో ప్రశ్నకు మొత్తం పేజీ చదవక్కర్లేదు. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి ఆ మాటలు వెతకండి, వాటి చుట్టూ ఉన్న నాలుగు వాక్యాలు చాలు. నాలుగింటిలో రెండిటికి జవాబు దొరక్కపోతే వదిలేయండి.

## 6. దించుకునే చోట, దించుకున్న ఫైలు

గూగుల్‌లో పేరు కొట్టగానే పైన వచ్చేది ప్రకటన కావచ్చు. అసలు సైటులా కనిపించే నకిలీ సైట్లు డబ్బు కట్టి అక్కడ కూర్చుంటాయి. ‘స్పాన్సర్డ్’ అని ఉన్నది దాటి కిందికి రండి, అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. నాలుగు ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లుండే సైట్ల జోలికి పోకండి. టెలిగ్రామ్ గ్రూపులో ‘లైఫ్‌టైమ్ కీ’తో వచ్చే క్రాక్ యాంటీవైరస్ గురించి ఏం చెప్పాలి? కాపలావాడినే దొంగ దగ్గర అద్దెకు తెచ్చుకోవడం.

ఫైలు వచ్చాక:

1. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. డిజిటల్ సిగ్నేచర్స్ పేజీలో అదే కంపెనీ పేరుండాలి. ఆ పేజీయే లేకపోతే ఫైలు చెరిపేయండి.
2. వైరస్‌టోటల్ సైట్లో ఆ ఫైలు ఎక్కించండి. డెబ్బై దాకా యాంటీవైరస్ ఇంజిన్లు ఒకేసారి చూస్తాయి. పేరున్నవి నాలుగైదు అభ్యంతరం చెబితే వద్దు. ఊరూపేరూ లేనిది ఒక్కటి ఎర్రజెండా ఎత్తితే అది పొరపాటు కావచ్చు.
3. వైరస్‌టోటల్‌లో ఎక్కించినవి భద్రతా సంస్థలకు అందుతాయి. ఆధార్ కాపీలు, ఆఫీసు పత్రాలు అందులో ఎప్పుడూ ఎక్కించకండి.

ఇవన్నీ చూసినా నూటికి నూరు పాళ్లు భరోసా లేదు. 2017 ఆగస్టులో సీక్లీనర్ 5.33 వెర్షన్ అసలు సైట్ నుంచే, అసలు డిజిటల్ సంతకంతోనే, లోపల దొంగ కోడ్‌తో బయటికొచ్చింది. దాదాపు నెల రోజుల తర్వాత గానీ బయటపడలేదు. 22 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చేరింది. వాడినవాళ్ల తప్పు ఏమీ లేదు. నెలకోసారి టెంపరరీ ఫైళ్లు చెరపడానికి, ఏడాది పొడవునా తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఒక ప్రోగ్రామ్‌ను లోపల ఉంచుకోవడం అవసరమా అన్న ప్రశ్న నాకు అప్పుడే మొదలైంది. నా మటుకు నేను అనవసరమనే అనుకున్నాను.

మంచి సంస్థ అప్‌డేట్ కూడా ఏం చేయగలదో 2024 జులై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేశాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పనిముట్లు ఎంత తక్కువగా ఉంటే అంత మేలని నేననేది అందుకే.

## 7. ఇన్‌స్టాల్, తొలి పరీక్ష

ఇన్‌స్టాల్ అప్పుడు ‘కస్టమ్’ లేదా ‘అడ్వాన్స్‌డ్’ ఎంచుకోండి. చిన్న అక్షరాల్లో ఉన్నవి చదివి ఇవి తీసేయండి:

- ఇంకో బ్రౌజర్, ఇంకో యాంటీవైరస్, టూల్‌బార్
- బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్, హోమ్ పేజీ మార్పు
- వాడుక సమాచారం పంపడం, ఆఫర్ల కోసం పంచుకోవడం
- కంప్యూటర్ లేవగానే తనూ లేవడం, ఇది క్లీనర్లకు మాత్రమే. యాంటీవైరస్ లేవాలి.

తర్వాత సెట్టింగుల్లోకి ఒకసారి వెళ్లిరండి. ఏముంటుందిలే అనుకోవద్దు. 2021లో నార్టన్ తన యాంటీవైరస్‌తోపాటు క్రిప్టో నాణేలు తవ్వే సదుపాయం కూడా పెట్టింది. ఒప్పుకున్నవాళ్లకే పనిచేసేది గానీ, వచ్చినదాంట్లో 15 శాతం కంపెనీ ఉంచుకునేది.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని నేను నిజాయితీ పరీక్ష అంటాను.

మొదటి అడుగు. 3వ మెట్టులో చెప్పినట్టు విండోస్‌తోనే శుభ్రం చేసి, డిఫెండర్ ఫుల్ స్కాన్ అయ్యి ఏమీ లేదని వచ్చాక, కొత్త పనిముట్టుతో స్కాన్ చేయండి. ఫిక్స్ నొక్కకండి.

రెండో అడుగు. అది చూపిన జాబితా తెరవండి. ఏ ఫైలు, ఏ ఫోల్డర్, ఎందుకు అని చూపిస్తోందా? లేక ‘1,347 సమస్యలు, తీవ్రం’ అని ఎర్ర అంకె మాత్రమేనా? వివరం చూపించనిది అక్కడే తీసేయండి. చూపించినా, కుకీలను ‘ముప్పు’ అని లెక్కేస్తోందేమో గమనించండి. కుకీ అంటే సైట్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి వదిలే చిన్న ఫైలు, ముప్పు కాదు. ఏ సైటు చూసినా పది వస్తాయి.

మూడో అడుగు. వివరాలు సబబుగా ఉంటే టెంపరరీ ఫైళ్లు, పాత లాగ్‌లు ఇలాంటివి మాత్రమే చెరపనివ్వండి. బ్రౌజర్ పాస్‌వర్డులు, ఫారం సమాచారం, సెషన్లు, ప్రిఫెచ్, రిజిస్ట్రీ టిక్కులన్నీ తీసేయండి. ప్రిఫెచ్ అనేది ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకునే గుర్తులు. వాటిని చెరిపి వేగం పెంచానని చెప్పడం హాస్యం.

నాలుగో అడుగు. రీస్టార్ట్ చేసి, పదినిమిషాలు ఏమీ చేయకుండా, మళ్లీ స్కాన్. ఈసారి ‘ఏమీ లేదు’ అనో, కొద్దిపాటి చెత్త అనో రావాలి. మళ్లీ వందల సమస్యలు పుట్టుకొస్తే, సమస్య మీ కంప్యూటర్లో లేదు.

డబ్బు అడిగే సమయమూ చూడండి. ‘స్కాన్ ఉచితం, బాగుచేయడానికి చందా’, దాని పక్కనే వెనక్కి నడిచే గడియారం, ‘ఇవాళ్టికే 80 శాతం తగ్గింపు’. ఇవన్నీ అంగట్లో కేకలు. వైద్యుడు అలా అరవడు.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రెండు యాంటీవైరస్‌లు. ఒక నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్లో మూడు చూశాను. ఒకటి పట్టుకున్న ఫైలును ఇంకోటి దాడి అనుకుని పట్టుకుంటోంది. కస్టమర్ హాల్ టికెట్ పీడీఎఫ్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. బయటిది ఒకటి వేసుకుంటే డిఫెండర్ తనే పక్కకు తప్పుకుంటుంది, దాన్ని మీరు ఆపనక్కర్లేదు.

గడువు తీరిన యాంటీవైరస్. లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ అయిపోయాక అలాగే వదిలేస్తారు. కొత్త వైరస్‌ల సంగతి దానికి తెలియదు, డిఫెండర్ స్థానాన్ని మాత్రం ఆక్రమించుకుని కూర్చుని ఉండొచ్చు. కొనండి, లేదా తీసేయండి.

విండోస్ పాతది, యాంటీవైరస్ కొత్తది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్‌లోనే కన్నం ఉంటే, పైన ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా ఆ కన్నం పూడదు. విండోస్ 11కి మారడమో, పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో ముందు చూడండి.

తెర నిండా హెచ్చరిక, మోగే సైరన్, కింద ఫోన్ నంబరు. అది ఒక వెబ్ పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి, కాకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌కు ఎండ్ టాస్క్. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవనా’ అంటే వద్దనండి.

ఆ నంబరుకు ఫోన్ చేసేశారు, దూరం నుంచే మీ కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటిదేదో వేయించారు. వరుస తప్పకుండా చేయండి:

1. వైఫై ఆపండి, కేబుల్ పీకండి. మాట్లాడుతున్న ఫోన్ పెట్టేయండి.
2. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్, తర్వాత బ్యాంకుకు. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. ఇక్కడ ప్రతి నిమిషం లెక్కే.
3. వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి ఈమెయిల్, ఆ తర్వాత బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ఈమెయిల్ ముందు ఎందుకంటే మిగతావన్నీ దాన్నుంచే మార్చేయొచ్చు.
4. ఆ రిమోట్ ప్రోగ్రామ్ తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. లోపల ఎంతసేపు తిరిగారో తెలియకపోతే విండోస్ కొత్తగా ఎక్కించడమే మంచిది.

చందా దానంతటదే కోసుకుంటోంది. మొదటి ఏడాది 499, రెండో ఏడాది మూడింతలు. కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపు ఉంటే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, అందులోనే వద్దనే వీలుండాలి. యూపీఐ ఆటోపే అయితే మీ యాప్‌లో మాండేట్స్ తెరిచి రద్దు చేయండి. ప్రోగ్రామ్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, రెండూ వేర్వేరు పనులు.

శుభ్రం చేశాక ఏదో ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. ముందు ఆ క్లీనర్లోనే బ్యాకప్, లేదా అన్‌డూ ఉందేమో చూడండి. లేకపోతే 2వ మెట్టులో చేసుకున్న రిస్టోర్ పాయింట్‌కు వెళ్లండి. అదీ చేసుకోకపోతే ఆ ప్రోగ్రామ్‌ను తీసి మళ్లీ వేయాలి. లైసెన్స్ నంబరు కాగితం వెతుక్కోండి.

## 9. పనిముట్టును పూర్తిగా తీసేయడం

పరీక్షలో తప్పినదాన్ని ఐకాన్ చెరిపి ఊరుకోకండి. ఈ వరుసలో:

- సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో అన్‌ఇన్‌స్టాల్. ‘ఎందుకు వెళ్తున్నారు, 60 శాతం తగ్గిస్తాం’ అనే తెరల్లో బూడిదరంగులో ఉన్న చిన్న బటనే మీకు కావాల్సింది.
- యాంటీవైరస్ అయితే ఆ కంపెనీ సైట్లో విడిగా రిమూవల్ టూల్ ఉంటుంది. అదీ నడపండి. మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో లోతుగా దిగిన డ్రైవర్లు ఒక్కోసారి పోవు.
- బ్రౌజర్లలో ఎక్స్‌టెన్షన్ల పేజీ, హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్, నోటిఫికేషన్లు చూడండి. ఇంట్లో రెండు బ్రౌజర్లు వాడితే రెండిట్లోనూ.
- టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో దాని పేరు మిగిలిందేమో చూడండి. ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వారి ఆటోరన్స్ ఉంది. తెలియనిది అక్కడ డిలీట్ చేయకండి, టిక్ తీసి చూడండి చాలు.
- చందా రద్దు, కార్డు వివరాల తొలగింపు.

అంతా అయ్యాక రీస్టార్ట్ చేసి విండోస్ సెక్యూరిటీ తెరవండి. బయటి యాంటీవైరస్ పోయాక డిఫెండర్ తనే తిరిగి రావాలి, ఒక్కోసారి రాదు. అలాంటప్పుడు విండోస్ అప్‌డేట్ నడిపి మరోసారి రీస్టార్ట్ చేయండి. అక్కడ ఆకుపచ్చ టిక్ కనిపించేదాకా ఆ కంప్యూటర్లో బ్యాంకు సైటు తెరవకండి, ఎవరి పెన్‌డ్రైవూ పెట్టకండి.